కుదువ పెట్టిన ఇల్లు – విడిపించుకొనే మార్గము

(డయోసిస్ శతాబ్ది సందర్భముగా నందికొట్కూరులో సంఘ కుటుంబముల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది ఉత్సవమనగానే మనము గుడి గోడల గురించి, గంట గోపురము గురించి, మనకు సువార్త తెచ్చిన వారి గురించి మాట్లాడుకుంటాము. అది తగినదే. అయితే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మనమందరము తిరిగి పోయేది మన మన ఇండ్లకే. ఆ ఇండ్లలో కొన్నింటి పత్రాలు నేడు బ్యాంకు బీరువాలో ఉన్నవి. మరికొన్నింటి పత్రాలు వడ్డీ వ్యాపారి పెట్టెలో ఉన్నవి. తల్లిదండ్రులు బండలు మోసి, కూలికి పోయి కట్టుకొన్న ఇల్లు చేతులు మారుతుందేమోనని రాత్రిళ్లు నిద్ర లేకుండా గడిపేవారు మన మధ్యనే కూర్చుండి పాటలు పాడుతున్నారు. కనుక ఈ దినము నేను ఇంటి అప్పును గురించి, తాకట్టును గురించి, ఇల్లు వేలము వరకు పోకుండా కాపాడుకొనే మార్గములను గురించి మాట్లాడదలచినాను.

ఇది లోక సంబంధమైన విషయము, గుడిలో ఎందుకని కొందరు అడుగవచ్చును. వారిని నెహెమ్యా గ్రంథము అయిదవ అధ్యాయము చదువుమని కోరుతున్నాను. యెరూషలేము గోడ కట్టే పని సగములో ఉండగా ప్రజలు, వారి భార్యలు మొర పెట్టినారు. కరువులో ధాన్యము కొనుటకు పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను కుదువ పెట్టినామని, పన్ను కట్టుటకు అప్పు చేసినామని, బిడ్డలు దాస్యములోనికి పోతున్నారని వారి మొర. అప్పిచ్చినవారు పరదేశులు కారు, స్వజనులే. నెహెమ్యా గోడ పని పక్కన పెట్టి, సభ కూర్చి, పొలములను ఇండ్లను తిరిగి ఇప్పించినాడు. వారు తీసుకొంటున్న వడ్డీ నూరవ భాగమని అక్కడ వ్రాయబడినది. అది నెలకు నూటికి ఒకటి అని పండితులు వివరిస్తారు. మన లెక్కలో చెప్పాలంటే నూటికి రూపాయి వడ్డీ. నెహెమ్యా రూపాయి వడ్డీకే కోపపడినాడు. మన పేటలలో రెండు రూపాయలు ధర్మ వడ్డీ అనిపించుకొంటున్నది, మూడు, అయిదు కూడా నడుస్తున్నవి.

ధర్మశాస్త్రములో ఇంకొక ఏర్పాటు గలదు. బీదవాడై భూమి అమ్ముకొన్నవాని సమీప బంధువు వచ్చి దానిని విడిపించవలెను. ప్రాకారము గల పట్టణములో ఇల్లు అమ్మినవానికి ఒక సంవత్సరము లోపల విడిపించుకొనే హక్కు ఉండెను. ప్రాకారము లేని పల్లెలలోని ఇండ్లు పొలములవలె ఎంచబడి, యాభైయవ సంవత్సరమున, అనగా సునాద సంవత్సరమున, తిరిగి సొంతదారునికి చేరవలెను. మన స్త్రీలు బ్యాంకులో పెట్టిన నగలను తెచ్చుకొన్నప్పుడు “విడిపించుకొన్నాము” అంటారు. మనము పాటలలో పాడే విమోచన అన్న మాటకు మొదటి అర్థము అదే.

ఇక మన సీమ సంగతి. అప్పు ఈ నేలకు కొత్త కాదు. 1876–78 నాటి కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. కర్నూలు జిల్లా ఆ కరువులో ఘోరముగా దెబ్బతిన్నది. వాన తప్పిన యేడు విత్తనానికి అప్పు, మరుసటి యేడు వడ్డీకి అప్పు, మూడవ యేడు పొలము కుదువ. ఈ వరుస మన తాతలకు బాగా తెలుసు. మన పక్కన పారే కె.సి. కాలువ కథ కూడా అట్టిదే. 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ దానిని త్రవ్వించి, పెట్టిన సొమ్ము రాబట్టలేక నష్టములో కూరుకొనగా, 1882లో ప్రభుత్వమే కాలువను కొనవలసి వచ్చినది. ఆదాయము ముందుగా లెక్క వేయక చేసిన అప్పు కంపెనీనైనా కుటుంబమునైనా ఒకే విధముగా ముంచుతుంది.

జర్మనీ దేశములో రైఫైజెన్ అనే భక్తిపరుడు గ్రామాధికారిగా ఉంటూ, కరువులో వడ్డీ వ్యాపారుల చేత చిక్కిన రైతులను చూచి, 1860లలో పరస్పర పరపతి సంఘములను స్థాపించినాడు. సభ్యులే పొదుపు చేయుట, సభ్యులకే అప్పిచ్చుట, ఒకరి అప్పుకు అందరూ పూచీ పడుట అతని పద్ధతి. మద్రాసు ప్రభుత్వము పంపగా ఫ్రెడరిక్ నికల్సన్ ఆ పద్ధతిని పరిశీలించి నివేదిక వ్రాసినాడు. 1904లో మన దేశములో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. 1929లో మద్రాసులో కేంద్ర భూమి తనఖా బ్యాంకు ఏర్పడినది. 1938లో రాజాజీ ప్రభుత్వము వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టము తెచ్చి పాత అప్పుల భారమును తగ్గించినది. మనకు మరింత సమీపముగా, ఓర్వకల్లు మండలములో 1990లలో మొదలైన స్త్రీల పొదుపు సంఘములు రాష్ట్రమంతటికీ మాదిరియైనవి. నేను ఈ చరిత్ర ఎందుకు చెప్పుతున్నాననగా, అప్పులో పడినవాడు ఒంటరిగా ఉన్నప్పుడు ఓడిపోయినాడు, పదిమంది కూడినప్పుడు లేచినాడు. మన సీమ నేర్పిన పాఠము ఇది.

ఇల్లు పోవుట అంటే ఏమిటో మన తాలూకాకు వేరే చెప్పనక్కరలేదు. 1981లో శ్రీశైలము జలాశయము కొరకు కృష్ణా తీరపు గ్రామములను ఖాళీ చేయించినప్పుడు, సంగమేశ్వరము మొదలైన ఊళ్ల ప్రజలు గడపలు, వాకిళ్లు ఊడదీసుకొని ఎడ్ల బండ్లపై వచ్చినారు. అది నీళ్లు తీసుకొన్న ఇల్లు. ఆ ప్రజల తప్పేమియు లేదు. అప్పు తీసుకొనే ఇంటి విషయములో మాత్రము మనకు ముందే తెలిసికొనే వీలు, కాపాడుకొనే వీలు ఉన్నవి. అందుచేత పని మాటలలోనికి వస్తాను. దయచేసి తల్లులు కూడా శ్రద్ధగా వినవలెను. సంతకము పురుషుడు పెట్టినా, ఇల్లు పోయినప్పుడు వంటపాత్రలు వీధిలో పెట్టుకొనేది మీరే.

మొదట, ఇల్లు గాని స్థలము గాని కొనేటప్పుడు. యిర్మీయా ప్రవక్త చెరసాలలో ఉండి కూడా పొలము కొన్నప్పుడు సాక్షులను పెట్టి, వెండి తూచి, పత్రము వ్రాయించి, ముద్ర వేయించి, దానిని మట్టికుండలో దాచమన్నాడు. దేవుని మాట నమ్మినవాడు పత్రము అక్కరలేదనలేదు. మనము మాత్రము “మనవాడే గదా” అని తెల్ల కాగితముపై అగ్రిమెంటు వ్రాసుకొని డబ్బు ఇస్తున్నాము. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయములో ఈసీ తీయించుడి. ఆ ఆస్తిపై రిజిస్టరైన తాకట్టు, అమ్మకము ఏమైనా ఉంటే అందులో కనబడుతుంది. అయితే రిజిస్టరు కాని తాకట్టు ఈసీలో కనబడదు. అందుచేత అసలు దస్తావేజులను, వాటి వెనుకటి లింకు డాక్యుమెంట్లను కంటితో చూడవలెను. జిరాక్సులు మాత్రమే చూపి, అసలు పత్రాలు ఎక్కడో ఉన్నవని చెప్పినచో, అవి ఏ బ్యాంకులోనో ఉన్నవేమో విచారించవలెను. ఆ సర్వే నంబరు 22–ఎ నిషేధిత జాబితాలో ఉన్నదేమో చూడవలెను. లేఅవుటుకు అనుమతి ఉన్నదా, ఇంటికి ప్లాను ఉన్నదా అని మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో అడుగవలెను. అనుమతి లేని స్థలముపై బ్యాంకు అప్పు దొరకదు. అప్పుడు కొన్నవాడు విధిలేక పై వడ్డీకి పోతాడు.

రెండవది, అప్పు తీసుకొనేటప్పుడు. గోపురము కట్టదలచినవాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొంటాడని మన ప్రభువు చెప్పినాడు. ఒక లెక్క చూతము. 10 లక్షల రూపాయలు నూటికి 9 వడ్డీతో 20 ఏండ్లకు తీసుకొంటే నెల కంతు సుమారు 8,997 రూపాయలు. మొదటి నెల కంతులో 7,500 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 1,497 మాత్రమే. 20 ఏండ్లలో కట్టే మొత్తము దాదాపు 21 లక్షల 59 వేలు. అదే అప్పు 15 ఏండ్లకైతే కంతు సుమారు 10,143, మొత్తము దాదాపు 18 లక్షల 26 వేలు. నెలకు 1,146 రూపాయలు అదనముగా కట్టగలిగిన కుటుంబమునకు 3 లక్షల 33 వేలు మిగులుతవి.

వడ్డీ మారే పద్ధతిలో తీసుకొన్నవారు ఇంకొకటి గమనించవలెను. 2022 మే నుండి 2023 ఫిబ్రవరి వరకు రిజర్వు బ్యాంకు తన రెపో రేటును 4 నుండి 6.5 శాతమునకు పెంచినది. చాలామందికి కంతు పెరగలేదు గనుక ఏమియు జరగలేదనుకొన్నారు. కాని పెరిగినది గడువు. నేను చెప్పిన 10 లక్షల అప్పుపై వడ్డీ మొదట్లోనే 9 నుండి 10కి పెరిగి, కంతు 8,997 దగ్గరే ఉంచినచో, 240 నెలలలో తీరవలసిన అప్పు 314 నెలలు పడుతుంది. ఆరేండ్లకు పైగా అదనము! ఇట్లు వడ్డీ మారినప్పుడు కంతు పెంచుకొందురా, గడువు పెంచుకొందురా అని అడిగే అవకాశము అప్పు తీసుకొన్నవానికి ఇవ్వవలెనని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఉత్తరువు ఇచ్చినది. వడ్డీ తగ్గినప్పుడు మీకు తగ్గించినారా లేదా అని కూడా సంవత్సరమునకు ఒకసారి బ్యాంకుకు పోయి అడుగుడి. 2024 అక్టోబరు నుండి అప్పు ఇచ్చే ముందే వడ్డీ, ఖర్చులు, అపరాధ రుసుములు అన్నీ ఒకచోట చూపే కీలక వివరాల పత్రము ఇవ్వవలెనన్న నియమము వచ్చినది. మీకు అర్థమయ్యే భాషలో దానిని అడిగి తీసుకొనుడి. చదివించుకోకుండా సంతకము పెట్టకుడి.

ఒక మాట గూర్చి హెచ్చరిక. అమెరికాలో “ఫోర్‌క్లోజర్” అంటే అప్పు కట్టలేనివాని ఇంటిని జప్తు చేయుట. 2008 ప్రాంతమున అక్కడ లక్షలాది కుటుంబములు అట్లు ఇండ్లు పోగొట్టుకొన్నవి. మన బ్యాంకులలో అదే మాటకు అప్పును గడువుకు ముందే కట్టి మూసివేయుట అని అర్థము. కనుక ఆ మాట వినగానే భయపడనక్కరలేదు. వడ్డీ మారే పద్ధతిలో వ్యక్తులు తీసుకొన్న ఇంటి అప్పును ముందే తీర్చినందుకు బ్యాంకు అదనపు రుసుము తీసుకోకూడదు. పంట బాగా వచ్చిన యేడు, పదవీ విరమణ సొమ్ము వచ్చిన నెల, కొంత అసలులోనికి కట్టుడి.

మూడవది, ప్రైవేటు అప్పు. ఆసుపత్రికి, పెండ్లికి, బోరుకు 2 లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినారనుకొనుడి. నెలకు 6,000 వడ్డీ. మూడేండ్లలో 2 లక్షల 16 వేలు కట్టినా అసలు 2 లక్షలు అట్లే నిలిచి ఉంటుంది. అయినను వడ్డీకంటె ప్రమాదకరమైనది ఇంకొకటి గలదు. అప్పిచ్చేవాడు “నమ్మకానికి” అని చెప్పి ఇంటిని తన పేర క్రయ దస్తావేజుగా రిజిస్టరు చేయించుకొంటాడు. డబ్బు ఇవ్వగానే తిరిగి వ్రాసి ఇస్తానని నోటి మాట చెప్తాడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము, తిరిగి ఇచ్చే షరతు అదే దస్తావేజులో వ్రాసి ఉంటేనే షరతుతో కూడిన అమ్మకము తాకట్టు అనిపించుకొంటుంది. నోటి మాటగా గాని, వేరే కాగితముగా గాని ఉన్న షరతు దానిని అట్టి తాకట్టుగా మార్చదు. తాకట్టు అయితే అప్పు తీర్చి విడిపించుకొనే హక్కు చట్టమే కాపాడుతుంది. అమ్మకమైతే ఆ హక్కు లేదు. కనుక ఎంత అవసరమైనను అప్పుకు క్రయ పత్రము వ్రాయకుడి.

చాలామందికి తెలియని రక్షణ ఒకటి చెప్తాను. వ్యవసాయదారుడు గాని, కూలివాడు గాని, ఇంటి పనివాడు గాని కాపురముండే సొంత ఇంటిని, మామూలు బాకీ డిక్రీ కింద జప్తు చేయుటకు వీలులేదని సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను చెప్తుంది. అనగా ప్రోనోటు అప్పుకు ఆ ఇల్లు అందదు. మీరే ఇంటిని తాకట్టు వ్రాసి ఇచ్చినచో ఆ కంచె తొలగిపోతుంది. అప్పిచ్చేవాడు మాటిమాటికి ఇంటి పత్రాలే ఎందుకు అడుగుతాడో ఇప్పుడు మీకు అర్థమైనది. చిన్న అప్పునకు ఇంటి పత్రము ఇవ్వకుడి.

మనలో అనేకుల స్థలములు, భూములు ప్రభుత్వమిచ్చిన డి.పట్టాలు. 1977 నాటి మన రాష్ట్రపు అసైన్డు భూముల చట్టము వాటిని కొనుట అమ్ముటలను నిషేధించినది. తరువాత సవరణలు వచ్చి కొన్ని ఏండ్లు గడిచిన పట్టాలకు కొంత సడలింపు ఇచ్చినవి. అట్టి భూమిని బ్యాంకుకు, సహకార సంఘమునకు తాకట్టు పెట్టుటకు ఆ చట్టము చోటిచ్చినది, వడ్డీ వ్యాపారికి ఇవ్వలేదు. మీ పట్టా ఏ తరగతికి చెందినదో తహసీల్దారు కార్యాలయములో విచారించకుండా ఎవరికిని వ్రాసి ఇవ్వకుడి. ప్రభుత్వ గృహ నిర్మాణ సంస్థ అప్పుతో కట్టుకొన్న ఇండ్లకు 2021 డిసెంబరులో ఏకకాల పరిష్కార పథకము ఒకటి వచ్చినది. పల్లెలలో 10 వేలు, మున్సిపాలిటీలలో 15 వేలు, నగరములలో 20 వేలు కట్టినవారికి మిగిలిన బాకీ మాఫీ చేసి, పూర్తి హక్కు పత్రము ఇచ్చినారు. అప్పుడు కట్టినవారు ఆ రశీదును, పత్రమును యిర్మీయా కుండవలె భద్రపరచుకొనవలెను.

నాలుగవది, ముఖ్యమైనది. కంతులు తప్పినప్పుడు ఏమి చేయవలెను?

మనవారు చేసే మొదటి పని దాగుకొనుట. ఫోను ఎత్తరు, రిజిస్టరు ఉత్తరము తీసుకోరు. ఉత్తరము తిప్పి పంపినంత మాత్రాన నోటీసు ఆగదు. తిరస్కరించినా అందినట్లే లెక్క కట్టవచ్చును. రెండవ పని, బ్యాంకు కంతు కట్టుటకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చుట. అది మంట ఆర్పుటకు కిరసనాయిలు పోయుట వంటిది. ఈ రెండును చేయక, చట్టము మనకిచ్చిన దినములను లెక్కపెట్టుకొందము.

కంతు 90 దినములు దాటి నిలిచినచో బ్యాంకు ఆ ఖాతాను మొండి బాకీగా ఎంచుతుంది. ఆ తరువాత సర్ఫేసీ అని పిలిచే 2002 చట్టములోని 13(2) సెక్షను కింద నోటీసు ఇస్తుంది. మొత్తము చెల్లించుటకు 60 దినముల గడువు. ఆ గడువు లోపల మీరు వ్రాతపూర్వకముగా అభ్యంతరము గాని, మనవి గాని పంపినచో, బ్యాంకు 15 దినములలో కారణములతో జవాబు ఇవ్వవలెను. గడువు దాటిన తరువాతనే స్వాధీనము. స్వాధీనము చేసికొన్న తరువాత అమ్మకమునకు 30 దినముల నోటీసు ఇవ్వవలెను. 90, 60, 30 కలిపితే 180. అనగా కంతు తప్పిన దినమునకును ఇల్లు వేలమైన దినమునకును మధ్య తక్కువలో తక్కువ ఆరు నెలలు ఉన్నవి. ఇల్లు ఒక్క రాత్రిలో పోదు. ఆ ఆరు నెలలు మౌనముగా గడిపినప్పుడే పోతుంది.

మొదటి మూడు నెలలలోనే బ్యాంకు మేనేజరు దగ్గరకు పోవుడి. జీతము ఆగినదా, పంట పోయినదా, ఇంటి పెద్ద మరణించినాడా, కాగితముపై వ్రాసి ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకొనుడి. గడువు పొడిగించుమని, కంతు తగ్గించుమని, అప్పును పునర్వ్యవస్థీకరించుమని అడుగుడి. ఒప్పుకొనుట బ్యాంకు ఇష్టమే గాని, అడిగినవానికే మార్గము దొరుకుతుంది. ఇంటి పెద్ద మరణించినచో అప్పుతోబాటు భీమా ఏమైనా తీయబడినదా అని విచారించుడి. ఆ భీమా ఉన్న సంగతి తెలియక విధవరాలు కంతులు కట్టుకొంటూ పోయే ప్రమాదము ఉన్నది.

ఏ విధముగాను కట్టలేమని తేలినచో, వేలము దాకా ఆగక, బ్యాంకుకు తెలిపి మీరే కొనుగోలుదారుని చూచుకొని అమ్ముకొనుట మేలు. వేలములో ధర తరచుగా తక్కువ పలుకుతుంది. వేలమైన తరువాత బాకీ, ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము ఇంటివారిదే. దానిని అడిగి తీసుకొనుడి. సుత్తి దెబ్బ పడేవరకు డబ్బు కట్టి ఇల్లు విడిపించుకొనవచ్చునని చాలామంది అనుకొంటారు. ఈ చట్టము కింద 2016 సవరణ తరువాత ఆ హక్కు వేలము ప్రకటన వెలువడేవరకే. 2023లో సుప్రీంకోర్టు కూడా దానిని స్థిరపరచినది. ఆఖరి దినమునకు పెట్టుకొనకుడి.

బ్యాంకు నియమము తప్పినదని తోచినచో, స్వాధీన చర్య జరిగిన 45 దినముల లోపల ఋణ వసూలు ట్రిబ్యునలులో దరఖాస్తు వేయవచ్చును. వ్యవసాయ భూమి తాకట్టుకు, లక్ష రూపాయలకు మించని బాకీకి, అసలు వడ్డీలలో 20 శాతమునకు తక్కువ మిగిలిన బాకీకి ఈ చట్టము వర్తించదు. అప్పుడు బ్యాంకు మామూలు కోర్టుకు పోవలసినదే. వసూలు ఏజెంట్లు ఉదయము 8 గంటలకు ముందు, సాయంత్రము 7 గంటల తరువాత ఫోను చేసి వేధించకూడదు. బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 దినములలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితముగా వ్రాయవచ్చును. లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నించవచ్చును. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండా ఉచిత న్యాయ సహాయము 1987 చట్టము ఇచ్చిన హక్కు. న్యాయ సేవాధికార సంస్థ ఫోను నంబరు 15100. అప్పిచ్చిన ప్రైవేటు వ్యక్తి తానే వచ్చి ఇంటికి తాళము వేయుట చట్ట విరుద్ధము. అట్టి దినమున పోలీసు స్టేషనుకు ఒంటరిగా పోవద్దు, సంఘ పెద్దలను తోడు తీసుకొని పొండి.

అప్పు తీరిన తరువాత కూడా పని ఉన్నది. 2023 డిసెంబరు 1 నుండి అమలైన నియమము ప్రకారము, పూర్తిగా తీర్చిన 30 దినములలో బ్యాంకు అసలు పత్రాలు తిరిగి ఇవ్వవలెను. తన తప్పువలన ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయలు చెల్లించవలెను. తాకట్టు రిజిస్టరైనదైతే దాని రద్దు కూడా రిజిస్టరు చేయించి, మరల ఈసీ తీసి చూచుకొనుడి.

అయిదవది జామీను. మన సంఘములో స్నేహము కొరకు సంతకము పెట్టేవారు అనేకులు. జామీనుదారుని బాధ్యత అప్పు తీసుకొన్నవాని బాధ్యతతో సమానమని 1872 కాంట్రాక్టు చట్టము చెప్తుంది. బ్యాంకు మొదట అతనిని అడిగి తరువాత మిమ్మును అడుగవలెనన్న నియమము లేదు. ఇతరుల అప్పుకు పూచీపడినవాని కింద నుండి పరుపు లాగబడునని సామెతల గ్రంథము ఎన్నడో హెచ్చరించినది. సహోదరునికి సహాయము చేయకుడని నేను అనుట లేదు. చేతనైతే సొమ్ము ఇయ్యుడి, తోడు పొండి, లెక్క చూచిపెట్టుడి. అయితే అతడు కట్టకపోతే నేను కట్టగలనా అని భార్యతో మాట్లాడుకొన్న తరువాతనే సంతకము పెట్టుడి.

ఇప్పుడు సంఘముగా మనము ఏమి చేయగలము? కానుక సొమ్ములో నుండి అప్పులు ఇచ్చుట మన పని కాదు. ఇచ్చినచో బాకీదారుడు గుడికి రావడము మానుతాడు. నేను కోరేది వేరు. మన మధ్య పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, బ్యాంకులో పని చేసినవారు, రిజిస్ట్రేషను పని తెలిసినవారు, పొదుపు సంఘములు నడిపిన తల్లులు ఉన్నారు. అట్టివారు నలుగురైదుగురు, అందులో ఇద్దరైనా స్త్రీలు, నెలకు ఒక ఆదివారము ఆరాధన తరువాత పక్క గదిలో కూర్చుండవలెను. కొనబోయేవాడు పత్రాలు తెచ్చి చూపవచ్చును. నోటీసు వచ్చినవాడు తెచ్చి చదివించుకొనవచ్చును. జవాబు వ్రాయుటకు సహాయము, బ్యాంకుకు తోడు వెళ్లుట, న్యాయ సహాయమునకు దరఖాస్తు నింపుట, ఇంతే వారి పని. అక్కడ విన్న మాట గది దాటి పోకూడదు. ఎవరి ఇల్లు తాకట్టులో ఉన్నదో బావి దగ్గర చెప్పుకొనే సంఘములో ఎవడును నోరు విప్పడు. మన ఇండ్లు వేలమునకు పోవుటకు అప్పు ఎంత కారణమో, సిగ్గు అంతే కారణము.

ఇంకొక సంగతి కష్టముతో చెప్పవలసియున్నది. మనలో వడ్డీకి ఇచ్చేవారు కూడా ఉన్నారు. వారిని బయటివారుగా ఎంచి మాట్లాడుట లేదు. నెహెమ్యా సభలో ఋణదాతలు మొదట మౌనముగా ఉండి, తరువాత తిరిగి ఇస్తామని ఒప్పుకొన్నారు. అసలుకు మించి వడ్డీ ముట్టిన బాకీలు మీ దగ్గర ఉన్నట్లయితే, ఈ శతాబ్ది సంవత్సరములో ఆ లెక్క ఒకసారి తీసి చూడుమని బ్రతిమాలుతున్నాను. విడిపించే బంధువు పాత్ర మీకు దొరికినది. శిలాఫలకముపై పేరు చెక్కించుకొనుటకంటె ఒక కుటుంబము చేతిలో దాని పత్రము తిరిగి పెట్టుట మేలైన కానుక.

ఇశ్రాయేలీయులకు యాభై ఏండ్లకు ఒక సునాద సంవత్సరము. నూరేండ్లంటే రెండు సునాదములు. ఆ సంవత్సరమున బూర ఊదిన తరువాత ఎవని స్వాస్థ్యమునకు వాడు తిరిగి పోవలెనని ఆజ్ఞ. మన ఉత్సవములో మేళములు, ఊరేగింపులు, విందులు జరుగును. అవి ముగిసిన మరునాడు బ్యాంకు నోటీసు చేతబట్టుకొని ఒక సహోదరి పాస్టరు ఇంటి గడప దగ్గరకు వచ్చినచో, “ప్రార్థన చేద్దాము తల్లీ” అని మాత్రమే చెప్పి పంపకుండా, ప్రార్థన చేసి, కాగితము విప్పి, తారీఖు చూచి, ఇంకా ఎన్ని దినములున్నవో లెక్కపెట్టి చెప్పగల సంఘముగా మనము ఉండవలెను. వచ్చే నెల మొదటి ఆదివారము నుండి ఆ గది తెరచి ఉంచుటకు సంఘ కమిటీని కోరుతున్నాను. పని చేయ మనస్సున్నవారు ఈ దినమే మీ పేర్లు కార్యదర్శిగారికి ఇయ్యుడి.

దేవుడు మన ఇండ్లను, వాటిలో కాపురమున్నవారిని కాపాడును గాక. ఆమేన్.